శాంపిల్ ఆధారిత హిప్‌హాప్ బీట్లలో బేస్‌లైన్ రచన

నిర్వచనం, పరిధి

పాత రికార్డింగులోని చిన్న ముక్కను కోసి, దాన్నే తిప్పి తిప్పి వినిపిస్తూ, డ్రమ్ములు జోడించి కట్టే హిప్‌హాప్ నేపథ్య సంగీతాన్ని శాంపిల్ ఆధారిత బీట్ అంటారు. ఆ ముక్కకు అడుగున, సుమారు 40 నుంచి 250 హెర్ట్జ్‌ల పరిధిలో నడిచే మంద్రస్థాయి స్వరాల వరస బేస్‌లైన్. దాన్ని బేస్ గిటార్ మీద వాయించవచ్చు, సింథసైజర్‌తో పలికించవచ్చు, మరో రికార్డు నుంచి తెచ్చుకోవచ్చు, లేదా శాంపిల్‌లో అప్పటికే ఉన్న మంద్రధ్వనిని ఫిల్టర్‌తో విడదీసి పైకి తేవచ్చు. పద్ధతి ఏదైనా స్వరాలను ఎంచుకుని వరుస పెట్టేది బీట్ కట్టేవారే కనుక ఈ నాలుగూ రచన కిందికే వస్తాయి.

బేస్‌ను సాధారణంగా పక్కవాద్యంగా, కిక్ డ్రమ్ముకు నిండుదనం ఇచ్చే హంగుగా పరిచయం చేస్తారు. హిప్‌హాప్ చరిత్రలోనూ స్వరశాస్త్రంలోనూ దానికి అంతకంటె పెద్ద పాత్రే కనిపిస్తుంది. పాటలోంచి విడివడిన ముక్కకు ఆధార స్వరం ఏదో తేలకుండా పోతుంది. ఆ ఆధారాన్ని మళ్లీ నిలబెట్టి, ముక్కను ఏ రసంలో వినాలో నిర్ణయించేది బేస్‌లైన్. కర్ణాటక సంగీతంలో తంబురా చేసే పనికి ఇది చాలా దగ్గర. అందుకే బేస్‌లైన్ రాయడాన్ని శాంపిల్‌కు వ్యాఖ్యానం చెప్పడంగా చూడాలన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

చరిత్ర

1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో డీజే కూల్ హర్క్ నడిపిన విందును హిప్‌హాప్‌కు ఆరంభంగా చెబుతారు. అప్పటికి శాంపిలర్లు లేవు. రికార్డులో డ్రమ్ములు, కొన్నిసార్లు వాటితో పాటు బేస్ మాత్రమే మిగిలే ‘బ్రేక్’ భాగాన్ని రెండు టర్న్‌టేబుళ్ల మీద పొడిగించేవారు. అంటే ఈ సంగీతంలో డ్రమ్ములతో పాటు మొదటినుంచీ ఉన్నది బేసే. 1979లో వచ్చిన షుగర్‌హిల్ గ్యాంగ్ ‘రాపర్స్ డిలైట్’కు పునాది ‘షీక్’ బృందం పాట ‘గుడ్ టైమ్స్’లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన బేస్‌లైన్. దాన్ని రికార్డు నుంచి కోయలేదు, స్టూడియోలో వాద్యకారులు తిరిగి వాయించారు. ఆ తర్వాత ఎడ్వర్డ్స్‌కూ నైల్ రాడ్జర్స్‌కూ రచయితలుగా పేరు దక్కింది. 1983 నాటి ‘వైట్ లైన్స్’ కూడా ఇలాగే లిక్విడ్ లిక్విడ్ బృందం పాట ‘కావర్న్’ బేస్ మీద నిలిచింది. పదాలు మారినా, గొంతు మారినా పాటను గుర్తుపట్టించింది బేసేనని తొలి దశాబ్దంలోనే రుజువైంది.

1987లో ఈ-ము సంస్థ ఎస్‌పీ-1200, 1988లో అకాయ్ సంస్థ రోజర్ లిన్ రూపొందించిన ఎంపీసీ-60 వచ్చాక శాంపిల్ కోయడం ఇంటి పనిగా మారింది. ఎస్‌పీ-1200లో మొత్తం నిల్వ సుమారు 10 సెకన్లే. ఆ కొరతను దాటడానికి 33 వేగపు రికార్డును 45 వేగంతో తిప్పి ఎక్కించుకుని, లోపల మళ్లీ నెమ్మదింపజేసేవారు. 12 బిట్ల నాణ్యతకు ఈ కిటుకు తోడై మంద్రధ్వనికి గరుకైన నిండుదనం వచ్చింది. అకాయ్ ఎస్-950లోని లో-పాస్ ఫిల్టర్ మరో దారి తెరిచింది. ఒక జాజ్ రికార్డులోని పై ధ్వనులన్నీ కత్తిరిస్తే మిగిలే మసక బేస్‌ను వేరే ట్రాక్ మీద వేసి, దాని పైన అదే రికార్డు ముక్కను మామూలుగా వినిపించడం 1990ల తొలి సంవత్సరాల న్యూయార్క్ శైలికి గుర్తుగా మారింది. 1991లో ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ తమ ఆల్బమ్‌కు ‘ద లో ఎండ్ థియరీ’ అని పేరు పెట్టి, అందులో ఒక పాటకు జాజ్ విద్వాంసుడు రాన్ కార్టర్ చేత డబుల్ బేస్ వాయింపజేసింది. 1992 నాటి డాక్టర్ డ్రే ఆల్బమ్ ‘ద క్రానిక్’ పశ్చిమ తీరపు పద్ధతికి నమూనా. అక్కడ కాలిన్ వుల్ఫ్ వంటి వాద్యకారులు పాత ఫంక్ పాటల బేస్‌ను తిరిగి వాయించి, మార్చి, పెంచారు. బీట్ల నిర్మాత జె డిల్లా వాడిన ఎంపీసీ-3000తో పాటు అతని మినీమూగ్ సింథసైజర్ కూడా ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో ఉంది. శాంపిలర్ పక్కనే బేస్ సింథ్‌నూ భద్రపరచడం సబబైన పనే.

ఆధార స్వరం, గ్రహభేదం

శాంపిల్ ముక్కలో రెండే స్వరాలు ఉన్నాయనుకుందాం: అంతర గాంధారం, పంచమం. షడ్జమం పాశ్చాత్యుల సి స్వరమైతే ఇవి ఇ, జి. కింద బేస్ షడ్జమం పట్టిందంటే మూడూ కలిసి సి మేజర్ కార్డు అవుతాయి, వెలుగైన భావం వస్తుంది. బేస్ చతుశ్రుతి ధైవతానికి దిగితే అవే రెండు స్వరాలు ఎ మైనర్ సెవెన్త్‌లో భాగమై విచారం పలుకుతాయి. గాంధారం మీదే నిలిస్తే ఇ మైనర్ ఛాయ. శుద్ధ మధ్యమం మీద నిలిస్తే ఎటూ తేలని, గాలిలో ఆగినట్టున్న భావం. శాంపిల్‌లో ఒక్క స్వరమూ మారలేదు. మారింది అడుగు ఒక్కటే.

కర్ణాటక సంగీతం ఈ సూత్రాన్ని గ్రహభేదం పేరుతో ఎప్పుడో శాస్త్రీకరించింది. మోహన స్వరాలనే తీసుకుని రిషభాన్ని షడ్జమంగా భావిస్తే మధ్యమావతి, గాంధారాన్ని భావిస్తే హిందోళం, పంచమాన్ని భావిస్తే శుద్ధ సావేరి, ధైవతాన్ని భావిస్తే ఉదయరవిచంద్రిక వస్తాయి. కచేరీలో తంబురా పాత షడ్జమాన్నే వినిపిస్తూ ఉంటుంది కనుక గాయకుడు ఆ మార్పును కాసేపు చూపించి వెనక్కి రావాలి. హిప్‌హాప్ బీట్‌లో తంబురా స్థానం బేస్‌ది. పైన మోహనంలోని వేణువు ముక్క మారకుండా తిరుగుతుండగా, బేస్ నాలుగు ఆవృత్తాలు ధైవతం మీదా, తర్వాతి నాలుగు షడ్జమం మీదా నిలిస్తే గ్రహభేదం ఆధారంతో సహా జరిగిపోతుంది. రాపర్ చరణం నుంచి పల్లవికి వచ్చేటప్పుడు పాట వాతావరణం మారినట్టనిపించే సందర్భాల్లో కొన్నిటికి మూలం ఇదే. సంగీతం నేర్చుకున్న తెలుగు పిల్లలు పాశ్చాత్య కార్డు పట్టికల జోలికి వెళ్లకుండానే ఈ కళలోకి అడుగుపెట్టగల దారి ఇక్కడుంది. అది ఎక్కువమంది కంట పడకపోవడం విచారకరం.

దీనికి బయటి సాక్ష్యం పంజాబీ ఎంసీ పాట ‘ముండియాఁ తో బచ్ కే’. 1998లో ఆల్బమ్‌లో వెలువడి 2002-03 నాటికి ప్రపంచమంతా మోగిన ఈ పాటలో పైన లాభ్ జంజువా గొంతు, తుంబీ ఉంటాయి. కింద నడిచేది ‘నైట్ రైడర్’ అనే అమెరికన్ టీవీ ధారావాహిక శీర్షిక సంగీతం. తుంబీ పలుకు పెళ్లి వేడుకలది. ఆ బేస్ దాన్ని చీకటి రోడ్డు మీది వేటగా మార్చింది. 2003లో రాపర్ జే-జీ వచ్చి చేరినప్పుడు కూడా ఆ అడుగు అలాగే ఉంది.

రకాలు

మొదటిది నిలకడ బేస్. ఒక స్వరాన్నే పట్టి ఉంచే ఈ రకం రాగప్రధానమైన శాంపిళ్లకు అనువైనది. రెండోది మూలస్వర బేస్. ఇది శాంపిల్‌లోని కార్డులు మారినప్పుడల్లా వాటి మూలస్వరానికి వెళుతుంది. సోల్, జాజ్ ముక్కలకు ఇదే తొలి ప్రయత్నం. మూడోది సంవాద బేస్. శాంపిల్ మాట్లాడుతుండగా ఊరుకుని, అది ఆగిన చోట జవాబిస్తుంది. నాలుగోది ఫిల్టర్ బేస్ (చూ. చరిత్ర). ఐదోది శ్రుతి చేసిన 808.

ఈ చివరిదాని గురించి కొంత చెప్పాలి. 1980లో రోలాండ్ సంస్థ విడుదల చేసిన టీఆర్-808 యంత్రపు బేస్ డ్రమ్ముకు ధ్వని స్థాయి, టోన్, డికే అనే మూడు మీటలే ఉండేవి. స్వరం మార్చే మీట లేదు. దాని సుదీర్ఘ నాదాన్ని శాంపిలర్‌లోకి ఎక్కించి వేర్వేరు స్వరాల్లో పలికించడం మొదలయ్యాకే డ్రమ్ము కాస్తా బేస్ వాద్యమైంది. కాబట్టి 808 బేస్ కూడా పుట్టుకతో శాంపిలే. దాని తోబుట్టువైన టీబీ-303ను బేస్ గిటార్‌కు బదులుగా 1981లో తెచ్చారు. 1982లో చరణ్‌జిత్ సింగ్ బొంబాయిలో ఆ రెండు యంత్రాలతో పది రాగాలను డిస్కో లయలో రికార్డు చేశారు. టీబీ-303లో స్వరం నుంచి స్వరానికి జారే సౌకర్యం ఉంది. రాగాన్ని యంత్ర బేస్ మోయగలదా అనే సందేహానికి ఆ రికార్డే సమాధానం.

శ్రుతి కుదర్చడం

బేస్‌లైన్ చెడడానికి అన్నిటికంటె సాధారణ కారణం తప్పు స్వరం కాదు, శ్రుతి తేడా. పాత రికార్డులు నేటి ప్రమాణానికి సరిగ్గా అమరవు. వేగం మార్చినప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది. ఉదాహరణకు నిమిషానికి 96 బీట్ల (96 బీపీఎం) వేగంలోని ముక్కను టేపు పద్ధతిలో 90కి తగ్గిస్తే శ్రుతి సుమారు 112 సెంట్లు దిగుతుంది. ఒక అర్ధస్వరం 100 సెంట్లు. అంటే శాంపిల్ ఒక మెట్టు దిగడమే గాక మరో 12 సెంట్లు కిందికి జారింది. కీబోర్డు మీది బేస్ ప్రామాణిక శ్రుతిలోనే ఉంటే రెండింటి మధ్య అలల్లాంటి కంపం వినిపిస్తుంది. బేస్‌ను కూడా 12 సెంట్లు దించితే అది పోతుంది. చెవితో చేసేవారు ముందు బేస్‌ను రెండు స్థాయిలు పైకెత్తి, శాంపిల్‌తో పాటు ఒకే స్వరం నిలిపి, కంపం ఆగేదాకా సరిచేసి, మళ్లీ కిందికి దించుతారు. మంద్రస్థాయిలో చెవికి శ్రుతి తేడా స్పష్టంగా తెలియదు కనుక ఈ ఎత్తి దించడం అవసరం.

పౌనఃపున్యాల పంపకం

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అడుగు తీగ 41 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. కిక్ డ్రమ్ము బలం కూడా చాలావరకు 50 నుంచి 100 హెర్ట్జ్‌ల మధ్యే ఉంటుంది. శాంపిల్‌లో పాత బేస్ మిగిలి ఉంటే ముగ్గురూ ఒకే చోట చేరి ఎవరి మాటా వినపడకుండా చేస్తారు. అందుకే ముందుగా శాంపిల్‌కు హై-పాస్ ఫిల్టర్ వేసి అడుగు ఖాళీ చేస్తారు. తర్వాత కిక్ పడే క్షణంలో బేస్ కాస్త తగ్గేలా సైడ్‌చెయిన్ కంప్రెషన్ పెడతారు, లేదా ఆ క్షణంలో బేస్ స్వరమే లేకుండా రాస్తారు. రెండో దారి కష్టమైనదే అయినా ఫలితం అందులోనే బాగుంటుంది. మొబైల్ ఫోన్ స్పీకర్లు అడుగు పౌనఃపున్యాలను దాదాపు పలికించలేవు. అయినా పై అనుస్వరాలు వినిపిస్తే చెవి అడుగు స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. బేస్‌కు కొద్దిగా శాచురేషన్ కలిపి అనుస్వరాలు పెంచడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

లయ

90 బీపీఎం వేగంలో ఒక బీటు 667 మిల్లీసెకన్లు, దానిలో నాలుగో వంతు సుమారు 167. ఆ గళ్లలో బేస్ సరిగ్గా పడితే నడక కవాతులా ఉంటుంది. కొన్ని పదుల మిల్లీసెకన్లు వెనక్కి జరిగితే బరువుగా, తీరిగ్గా అనిపిస్తుంది. డిల్లా గళ్లను పక్కనబెట్టి చేత్తో వాయించిన బీట్లు ఈ సంగతిని తర్వాతి తరానికి నేర్పాయి. స్వరం ఎప్పుడు మొదలవుతుందన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆగుతుందన్నదీ అంతే ముఖ్యం. స్నేర్ డ్రమ్ము దెబ్బకు ముందు బేస్ ఆగితే స్నేర్ రెట్టింపు బలంగా మోగుతుంది.

అభ్యంతరాలు

శాంపిల్‌లో తన బేస్ ఉండగా కొత్తది ఎందుకనేది మొదటి ప్రశ్న. 1990లో ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ ‘కెన్ ఐ కిక్ ఇట్?’ పాటకు లూ రీడ్ 1972 నాటి ‘వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్’ నుంచి హర్బీ ఫ్లవర్స్ వాయించిన బేస్‌ను ఉన్నదున్నట్టు తీసుకుంది. అది గొప్ప బీట్ అనడంలో సందేహం లేదు. ఆ పాట మొత్తంలో ఏ ముక్క తీసుకోవాలో ఎంచేటప్పుడు వారి చూపు నిలిచింది బేస్ మీదే. కనుక ఈ ఉదాహరణ బేస్ ప్రాధాన్యాన్ని బలపరుస్తుందే తప్ప తగ్గించదు. ఇళయరాజా పాటల విషయంలో మాత్రం ఈ అభ్యంతరానికి నిజమైన బలం ఉంది. శశిధరన్ వంటి వాద్యకారుల చేత ఆయన వాయింపజేసిన బేస్‌లైన్లు గాత్రంతో సమానంగా సొంత వరస నడుపుతాయి. 2003లో బ్లాక్ ఐడ్ పీస్, 2007లో ఎంఐఏ ఆయన పాటల ముక్కలు వాడుకున్నారు. మనకు ‘దళపతి’గా తెలిసిన 1991 నాటి సినిమా పాటే ఎంఐఏ ‘బాంబూ బంగా’కు ఆధారం. ఇలాంటి రికార్డు మీద ఆలోచించకుండా రెండో బేస్ పెడితే పాటకు ఇద్దరు యజమానులవుతారు. పాతదాన్ని పూర్తిగా తీసేయడమో, పూర్తిగా నమ్మడమో చేయాలి.

ఒకే స్వరం మోగే 808 బేస్‌ను రచన అనవచ్చా అనేది రెండో ప్రశ్న. తంబురా కూడా కొద్ది స్వరాలనే మీటుతుంది. కచేరీ మొత్తం దాని మీదే నిలబడుతుంది. ఏ స్వరం, ఎంతసేపు, ఎక్కడ మౌనం అనే మూడు నిర్ణయాలూ ఇక్కడా ఉన్నాయి.

మూడోది గట్టి అభ్యంతరం: కార్డులు ఎరగని రాగానికి బేస్ చేర్చితే రాగం చెడదా? కొన్నిచోట్ల చెడుతుందనే ఒప్పుకోవాలి. తోడి గాంధారం కంపితంగా ఊగుతుంటే దాని కింద కదలని గాంధారాన్ని పెట్టడం రాగాన్ని గాయపరచడమే. అటువంటప్పుడు నిలకడ స్వరాలకే పరిమితం కావాలి, గమకం సాగుతున్నంతసేపు బేస్ ఊరుకోవాలి. బీట్ల నిర్మాత మాడ్‌లిబ్ 2007లో భారతీయ రికార్డుల ముక్కలతో ఒక ఆల్బమ్ మొత్తం కట్టాడు. సినీ సంగీతంలో మన రాగాలు పాశ్చాత్య కార్డులతో దశాబ్దాలుగా కలిసి నడిచాయి కనుక ఆ రికార్డులు బేస్‌ను తేలిగ్గా ఒప్పుకుంటాయి. శుద్ధ శాస్త్రీయ రికార్డింగుల విషయంలో మాత్రం సంయమనమే సరైన పద్ధతి.

ప్రాంతీయ ధ్వనులు: జంషెడ్‌పూర్

బేస్‌లైన్ సూత్రాలు స్థానిక వాద్యాల దగ్గర ఎలా మారతాయో చూడటానికి జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ మంచి సందర్భం. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ చుట్టూ పెరిగి, 1919 దాకా సాక్చీగా పిలిపించుకున్న ఈ పట్టణానికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తెలుగువారు పనుల కోసం తరలివెళ్లారు. కద్మా, బిష్టుపూర్ వంటి పేటల్లో స్థిరపడ్డారు. బిష్టుపూర్‌లో ఆంధ్రభక్త శ్రీరామ మందిరం ఉంది. ఆ పట్టణం చుట్టూ సంతాలీల తుమ్‌దాక్, తమాక్ వాద్యాలు మోగుతాయి. తుమ్‌దాక్ రెండు ముఖాల డోలు, తమాక్ గిన్నె ఆకారపు నగారా. టాటా స్టీల్ ఫౌండేషన్ 2014 నుంచి అక్కడ నిర్వహిస్తున్న ‘సంవాద్’ ఆదివాసీ సమ్మేళనం, దానిలోంచి ఎదిగిన ‘రిథమ్స్ ఆఫ్ ద ఎర్త్’ సంగీత బృందం ఈ వాద్యాలను వేదిక మీదికి తెచ్చాయి.

తమాక్ నాదం బేస్ పరిధిలోనే ఉంటుంది. దాన్ని శాంపిల్ చేసి కింద మళ్లీ 808 పెడితే రెండూ ఢీకొంటాయి. తమాక్ దెబ్బలో వినిపించే ప్రధాన స్వరాన్ని కనిపెట్టి, బేస్‌ను దానికి పైనున్న పంచమంలోనో, తార షడ్జమంలోనో నడపడం మేలు. అప్పుడు నగారాయే ఆధారం అవుతుంది, బేస్ దాని మీద కదులుతుంది. తిరియో వేణువు ముక్కకు ఇందుకు భిన్నంగా అడుగంతా ఖాళీ. అక్కడ గ్రహభేద పద్ధతి చక్కగా పనిచేస్తుంది (చూ. ఆధార స్వరం). తెలుగు కుటుంబాల మూలం ఉత్తరాంధ్ర కనుక జముకును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జముకుల కథలో మోగే ఈ వాద్యంలో తోలుకు కట్టిన తీగ బిగువు మారుస్తూ మీటుతారు. స్వరం వంగుతూ జారుతుంది. శాంపిల్ చేసి ఒక స్థాయి దించితే అదే జారుడు బేస్‌గా నిలబడుతుంది. తప్పెటగుళ్ల పదునైన మోతకు అది సహజమైన అడుగు.

హక్కులు

అమెరికాలో 1991 నాటి గ్రాండ్ అప్‌రైట్ తీర్పు అనుమతి లేని శాంపిల్‌ను దొంగతనంగా పరిగణించింది. 2005 నాటి బ్రిడ్జ్‌పోర్ట్ తీర్పు రెండు సెకన్ల ముక్కకు కూడా అనుమతి కావాలంది. 2016లో మరో అప్పీలు కోర్టు దానితో విభేదించింది. ‘ఆరాధన’ (1969) పాట ముక్కను నిర్మాత టింబలాండ్ వాడుకున్నాడంటూ సరిగమ సంస్థ వేసిన దావాలో 2011లో అమెరికన్ కోర్టు ఆ సంస్థకు హక్కు రుజువు కాలేదని చెప్పింది. అనుమతి ఎవరిని అడగాలో తెలుసుకోవడమే పెద్ద పని అని ఆ కేసు చూపిస్తుంది.

భారత కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రికార్డింగు మీది హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, స్వరరచన మీది హక్కు రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో విడుదలైన రికార్డు మీది హక్కు 2017తో తీరింది. ఘంటసాల 1974లో కన్నుమూశారు కనుక ఆయన స్వరపరచిన పాట మీది హక్కు మాత్రం 2034 చివరిదాకా ఉంటుంది. ఆదివాసీ, జానపద రికార్డింగుల్లో పాడినవారికీ వాయించినవారికీ ప్రదర్శకుల హక్కులున్నాయి. శాంపిల్ కింద కొత్తగా రాసిన బేస్‌లైన్ దాన్ని రాసినవారి సొంత స్వరరచన అయినా, శాంపిల్‌కు అనుమతి లేకపోతే ఆ బీట్‌ను విడుదల చేసే వీలు చట్టం ఇవ్వదు. కాబట్టి బీట్ కట్టేవారు ముందు అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, బేస్ వాయించినవారి పేరూ వాటా విడుదలకు ముందే కాగితం మీద రాసుకోవాలి.